కొసరుగా వచ్చిన మెయిలు

మన పట్టణములలో ఒక పాఠశాలయో, ఆసుపత్రియో, పుస్తకప్రచురణ సంస్థయో వెబ్‌సైటు పెట్టుకొనదలచినప్పుడు జరుగు తంతు ఇంచుమించు అంతటను ఒక్కటే. సైటు చేసియిచ్చు యువకుడు ఒకడు కుదురును. డొమైను పేరును అతడే కొనును. హోస్టింగును అతడే కుదుర్చును. ఆ హోస్టింగుతో పాటు, ‘మెయిల్ ఐడీలు ఎన్ని కావలసిన అన్ని ఉచితమండీ’ యనుచు, సంస్థ పేరు తోకగా గల పది చిరునామాలను కొసరుగా చేతిలో పెట్టును. తొలిపుటపై ఎవరి ఛాయాచిత్రము ఉండవలెను, రంగు నీలమా ఆకుపచ్చయా అను విషయములపై నెలల తరబడి తర్జనభర్జన పడిన పెద్దలు ఈ కొసరును గూర్చి ఒక్క నిమిషమైనను ఆలోచింపరు. కాని కొన్ని యేండ్లు గడచునప్పటికి ఆ సైటును చూచువారు ఏ కొలదిమందియో యుందురు. సంస్థ వ్యవహారము సమస్తమును ఆ మెయిలుపై నిలిచియుండును. బ్యాంకువారు, జీఎస్టీ కార్యాలయమువారు, విశ్వవిద్యాలయమువారు, కాగితము సరఫరా చేయు వర్తకుడు, అమెరికాలో స్థిరపడిన పాఠకుడు, వీరందఱును వ్రాయునది ఆ చిరునామాకే. అట్టి మెయిలును వెబ్‌సైటు హోస్టింగునుండి వేఱుచేసి, మెయిలుపనియే వృత్తిగా గల సేవకు తరలించుట మేలనియు, ఆ తరలింపునకు వెఱవ నక్కఱలేదనియు, అయితే వెఱవవలసిన చోటు వేఱొకటి కలదనియు నా అభిప్రాయము.

ఈ మాట హోస్టింగు సంస్థలను నిందించుటకు కాదు. వెబ్‌పుటలను నిలువయుంచి, అడిగినవారికి అందించుట వారి వృత్తి. అందు వారు సమర్థులే. ఒక్క సర్వరుపై వందలకొలది సైటులను కాపురముంచుటచేతనే వారు అంత చౌకగా చోటు నీయగలుగుచున్నారు. అయితే ఆ వందలమంది పంపు మెయిళ్లును సాధారణముగా ఒకే ఐపీ చిరునామానుండి బయలుదేరును. వారిలో ఎవడో ఒకడు పాతబడిన ప్లగిన్లను పట్టించుకొనక వదలివేయుటచేత అతని సైటు హ్యాకై, రాత్రికి రాత్రి వేలకొలది స్పాము మెయిళ్లను వెదజల్లినదనుకొనుడు. ఆ ఐపీ చిరునామా బ్లాక్‌లిస్టున కెక్కును. దానితో పాటు, ఏ పాపము నెఱుగని మన ప్రధానోపాధ్యాయుడు తల్లిదండ్రులకు పంపిన పరీక్షల కాలపట్టికయు స్పాములో పడును. బౌన్సైన నయము, కనీసము తెలియును. స్పాములో పడినదానిని గూర్చి చెప్పువా రెవ్వరును లేరు. పంపినవారు పంపితిమనియే వాదింతురు. రావలసినవారు రాలేదనియే వాదింతురు. ఇరువురును సత్యమే పలుకుచుందురు.

2024 ఫిబ్రవరినుండి జీమెయిల్, యాహూ సంస్థలు ఈ విషయమున నియమములను మఱింత బిగించినవి. జీమెయిల్ చిరునామాలకు రోజునకు 5,000 మెయిళ్లు గాని అంతకు మించి గాని పంపువారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అను మూడు ధ్రువీకరణములును తప్పనిసరి. అంతకు తక్కువ పంపు సామాన్యులకును మొదటి రెండింటిలో ఒకటియైన నుండితీరవలెను. కొసరుగా వచ్చిన మెయిలులో వీనిని సరిచూచువా రెవరు? ఇవన్నియు అట్లుండ, హోస్టింగు గడువు తీరిన సంగతిని మఱచినచో సైటు మూతపడిన దినముననే మెయిలును మూతపడును. ఇల్లు అద్దెకిచ్చినవాడే ఉత్తరములు పంచు బంట్రోతుపనియు చేయుచున్నప్పుడు, అద్దె ఆలస్యమైన నెల ఉత్తరములును ఆగిపోవుటలో వింత లేదు.

నిజమునకు సైటునకును మెయిలునకును ఇట్టి ముడి పెట్టవలసిన అవసరము సాంకేతికముగా ఏనాడును లేదు. 1971లో రే టామ్‌లిన్‌సన్ ఒక కంప్యూటరునుండి వేఱొక కంప్యూటరునకు తొలి మెయిలును పంపి, మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ @ గుర్తును నిలిపినప్పుడు, ఆ గుర్తునకు కుడివైపున నుండునది నిక్కముగా ఒక యంత్రము పేరే. యంత్రము మాఱినచో చిరునామాయు మాఱవలసినదే. 1982లో జాన్ పోస్టెల్ మెయిలు రవాణాకు ఎస్ఎమ్‌టీపీ నియమావళిని వెలువరించెను. మఱుసటి యేట పాల్ మొకాపెట్రిస్ డొమైను పేర్ల వ్యవస్థను (డీఎన్ఎస్) రూపొందించెను. 1986 జనవరిలో క్రెయిగ్ పార్ట్రిడ్జ్ వ్రాసిన పత్రముతో ఎంఎక్స్ రికార్డు వాడుక స్థిరపడినది. సామాన్యులకు తెలియకున్నను, ఈ చివరి ఏర్పాటు మిక్కిలి గొప్పది. దానితో @ గుర్తునకు కుడివైపునున్నది యంత్రము కాక, వట్టి పేరైనది. ఆ పేరుగలవారి మెయిలును ఏ యంత్రమునకు చేర్పవలెనో డీఎన్ఎస్‌లోని ఒక పంక్తి చెప్పును. ఆ పంక్తిని మార్చినచో మెయిలు దారి మాఱును, చిరునామా మాఱదు. వెబ్ అనునది అప్పటికి పుట్టనేలేదు. వయసున పెద్దదియు, గడపవలసిన కార్యములచేత బరువైనదియు నగు మెయిలును, తరువాత పుట్టిన వెబ్‌సైటునకు తోకగా కట్టుట మన తరమువారు వ్యాపారసౌలభ్యమునకై చేసిన పనియే గాని, ఆ వ్యవస్థను నిర్మించినవారి ఉద్దేశము కాదు.

ఈ ఏర్పాటు బలమెట్టిదో ఇటీవల మన దేశముననే ఒక పెద్ద నిదర్శనము కనబడినది. కేంద్రప్రభుత్వము తన ఉద్యోగులలో సుమారు 12 లక్షల మంది మెయిలు ఖాతాలను, నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ తానుగా నడుపుచుండిన వ్యవస్థనుండి, చెన్నైకి చెందిన జోహో సంస్థ వేదికపైకి తరలించినట్లు 2025లో పత్రికలు వ్రాసినవి. స్వదేశీ సాఫ్ట్‌వేరును గూర్చియు, విదేశీ సంస్థలపై ఆధారపడుటను గూర్చియు చర్చ బాగుగా సాగినది. నాకు మాత్రము అంతకంటె ముఖ్యముగా తోచినది, ఇంతటి తరలింపు జరిగినను nic.in, gov.in అను పేర్లు, వానిపై అధికారమును ప్రభుత్వముకడనే నిలిచియుండుట. ఏ కలెక్టరును లెటర్‌హెడ్డులను మరల అచ్చు వేయింపవలసిన పని కలుగలేదు. దీనికి భిన్నముగా, ఆ యేడు అక్టోబరులోనే కేంద్ర హోంమంత్రి అమిత్ షా తాను జోహో మెయిలునకు మాఱితినని ప్రకటించుచు, ఇకపై ఈ క్రొత్త చిరునామాకు వ్రాయుడని ప్రజలను కోరెను. ఏలయనగా ఆ చిరునామా తోక ఆ మెయిలు సంస్థదే. సేవ మాఱినప్పుడు చిరునామాయు మాఱితీరును. మంత్రి గనుక ఒక్క ప్రకటనతో దేశమునకు తెలిసినది. తెనాలిలోని ఒక ధాన్యపు వర్తకుడు చిరునామా మార్చినచో ఎందఱికి తెలియును?

కావున వెఱవవలసినది తరలింపునకు కాదు. ఆ పేరు, అనగా డొమైను, ఎవరి అధీనములో నున్నదో తెలియకపోవుటకు. మెయిలు మార్చుదమని కూర్చున్న కార్యాలయములు చాలవఱకు మొదటి పది నిమిషములలోనే ఆగిపోవుచుండుట ఇచ్చటనే. డీఎన్ఎస్‌లోని ఆ పంక్తిని మార్చవలెనన్న డొమైను కొన్నచోట లాగిన్ కావలెను. లాగిన్ ఐడీ ఎవరికిని తెలియదు. పాస్‌వర్డు మఱచితిమని నొక్కినచో ఓటీపీ ఆ సైటు చేసిన యువకుని ఫోనునకు పోవును. అతడో, ఏనాడో బెంగుళూరులో ఉద్యోగము సంపాదించుకొని, ఆ నంబరే మార్చివేసియుండును. అతడు మోసగాడని నే ననను. డొమైను కొనవలసిన దినమున పెద్దలలో ఒక్కరును కార్డు తీసి యీయనందున, తన జేబుడబ్బులతో తన పేరుననే కొన్నవాడు. కాని ఫలితము ఫలితమే. డాట్ కామ్ వంటి పేర్ల విషయమున, యజమాని అడిగినచో బదిలీకి వలసిన రహస్య కోడ్‌ను పేరును నమోదు చేయు రిజిస్ట్రారు సంస్థ ఐదు దినములలోగా ఈయవలెనని అంతర్జాతీయసంస్థ ఐకాన్ నియమము స్పష్టముగా నున్నది. అయితే ఆ నియమము దృష్టిలో యజమాని యనగా నమోదు పత్రములో పేరున్నవాడు. భవనము కట్టినవారు, ట్రస్టు స్థాపించినవారు, ఇరువదేండ్లు ఆ చిరునామానుండి వ్రాసినవారు దాని కెవరును కారు.

ఇంతకంటె గడుసైన చిక్కు ఇంకొకటి కలదు. కొందఱు జాగ్రత్తపరులు డొమైనును సంస్థ పేరుననే కొని, రిజిస్ట్రారుకడ సంప్రదింపు చిరునామాగా అదే డొమైను మెయిలును నమోదు చేయింతురు. చూచుటకు అది గౌరవముగానే యుండును. కాని డొమైను గడువు తీరుచున్నదని హెచ్చరించు మెయిళ్లు వచ్చు పెట్టె అదే. ఏ కారణముననైన ఆ పెట్టె నిండిపోయినను, హోస్టింగు ఆగినను, హెచ్చరికలు చేరవు. డొమైను గడువు తీరినపిమ్మట పాస్‌వర్డును తిరిగి పొందుటకు పంపు లంకెయు చచ్చిన ఆ పెట్టెకే పోవును. అందుచేత డొమైను ఖాతాకు మాత్రము సంస్థ డొమైనుతో సంబంధములేని ఒక వేఱు చిరునామాను, ఇరువురు బాధ్యులకు తెలిసినదానిని, పెట్టుకొనుట అత్యవసరము. దీనికి ఖర్చు ఒక్క రూపాయియు లేదు.

పేరు చేతికి వచ్చినపిమ్మట మిగిలిన పని ఓర్పుతో కూడినదే గాని కఠినమైనది కాదు. ముందుగా ఏయే పెట్టెలున్నవో జాబితా వ్రాసికొనవలెను. మనుష్యుల పేర్లు గలవి మాత్రమే కాక, అడ్మిషన్ల విభాగమునకని, పద్దులకని, ఎవరి కొఱకో ఎన్నడో పెట్టి మఱచిన ఫార్వర్డింగులని, తీగె లాగినకొలది డొంక కదలును. అవన్నియు క్రొత్తచోట సిద్ధమైనపిమ్మటనే ఎంఎక్స్ పంక్తిని ముట్టుకొనవలెను. ఆ పంక్తికి టీటీఎల్ అను అంకె యొకటి అనుబంధముగా నుండును. ప్రపంచములోని ఇతర సర్వర్లు ఒకసారి తెలిసికొన్న సమాధానమును ఎన్ని సెకన్లు జ్ఞాపకముంచుకొనవచ్చునో అది చెప్పును. అది 86,400 అయినచో ఒక సంపూర్ణ దినము. కావున తరలింపునకు ఒకటి రెండు దినములు ముందే దానిని 300కు తగ్గించి, పిమ్మట ఏ శనివారము సాయంకాలమో మార్పు చేసినచో, ఆదివారము గడచునప్పటికి దారి కుదుటపడును. నడుమ మెయిళ్లు నశించునని భయపడువారు అనేకులు. కాని అవతలి సర్వరు తాత్కాలికముగా అందకున్నచో, పంపు సర్వరు వెంటనే నిరాశపడక నాలుగైదు దినములపాటైన మరల మరల ప్రయత్నింపవలెనని ఎస్ఎమ్‌టీపీ నియమావళిలోనే యున్నది.

అసలు పొరపాట్లు జరుగునది అందఱును పని ముగిసినదనుకొన్న తరువాత. పాత హోస్టింగు సర్వరు, తానింకను ఈ డొమైను మెయిలునకు అధికారిననియే భావించుచుండును. హోస్టింగు నియంత్రణపలకయగు సీప్యానెల్‌లో ‘ఈమెయిల్ రౌటింగ్’ అను చోట ‘లోకల్’ అను ఎంపికను ‘రిమోట్’ అని మార్చువఱకు, ఆ సర్వరుపై పుట్టిన ఏ మెయిలైనను బయటికి పోయి దారి వెదకికొనక, అచ్చటి పాతపెట్టెలోనే పడును. సైటులోని ‘మమ్ము సంప్రదింపుడు’ అను ఫారమునుండి వచ్చు ప్రశ్నలు అట్టివే. లోకమంతటినుండియు మెయిళ్లు క్రొత్తపెట్టెకు సలక్షణముగా వచ్చుచుండగా, అడ్మిషన్ల ఋతువులో తల్లిదండ్రులు ఫారము నింపి పంపిన విచారణలు మాత్రము, ఎవరును తెఱవని పాతపెట్టెలో పేరుకొనుచుండును. ఈ యేడు గిరాకీ తగ్గినదని యాజమాన్యము దిగులుపడుచుండును. అదే సర్వరుపై కాపురమున్న పొరుగు సంస్థవారు పంపిన మెయిళ్లగతియు నదియే. ఈ ఒక్క మీటను గూర్చి ముందుగా చెప్పు హోస్టింగు సహాయకేంద్రము అరుదు.

ఎస్‌పీఎఫ్ విషయమున జరుగు పొరపాటు ఇంకొక తీరుది. ఈ డొమైను పేరుతో మెయిలు పంపుటకు ఏయే సర్వర్లకు అనుమతి కలదో చెప్పు పంక్తి అది. క్రొత్తసేవవారు తమ పంక్తిని చేర్చుకొమ్మందురు. మనవారు పాతదానిని తీయక దాని ప్రక్కనే క్రొత్తదానిని చేర్తురు. ఒక డొమైనునకు రెండు ఎస్‌పీఎఫ్ పంక్తులున్నచో నియమము ప్రకారము అది దోషము, రెండును చెల్లవు. పాతవారికిని క్రొత్తవారికిని అనుమతిని ఒకే పంక్తిలో కూర్చవలెను. ఇక కాగితములను స్కాన్ చేసి పంపు జిరాక్సు యంత్రములో, జీతపుచీట్లు పంపు సాఫ్ట్‌వేరులో పాత పాస్‌వర్డులే దాగియుండును. అవి మొరాయించు దినమున గాని గుర్తునకు రావు.

పాత మెయిళ్లను వెంట తీసికొనిపోవుట వేఱొక ప్రకరణము. 1986లో స్టాన్‌ఫర్డులో మార్క్ క్రిస్పిన్ ఆరంభించిన ఐమ్యాప్ పద్ధతిలో మెయిళ్లు సర్వరుపైననే నిలిచియుండును గనుక, ఐమ్యాప్‌సింక్ వంటి పనిముట్టుతో ఫోల్డర్లు చెదరకుండ ఒకచోటినుండి మఱొకచోటికి నకలు చేయవచ్చును. కాని మన కార్యాలయములలో పాతకాలపు పాప్ పద్ధతి ఇంకను చావలేదు. అకౌంటెంటు బల్లమీది కంప్యూటరులో ఔట్‌లుక్ మెయిళ్లను దింపుకొని, సర్వరునుండి వానిని తుడిచివేయుచుండును. అనగా, పదేండ్ల ఉత్తరప్రత్యుత్తరము సమస్తము ఆ డిస్కులోని ఒకే ఒక ఫైలులో నుండును. ఆ డిస్కు పోయిన దినమున సంస్థ స్మృతియు పోవును. ప్రచురణసంస్థలకు ఇది మఱింత బాధాకరమైన విషయము. మన పూర్వరచయితలు ప్రచురణకర్తలకు వ్రాసిన కార్డులు, ఇన్‌లాండు కవర్లు నేటికిని ట్రంకుపెట్టెలనుండి బయల్పడి, సాహిత్యచరిత్ర వ్రాయువారికి ఆధారములగుచున్నవి. 2008 ప్రాంతమున అదే సంస్థకు మెయిలులో వచ్చిన రచయితల లేఖలు అడిగిచూడుడు. తరలింపు ఆ స్మృతిని లెక్కచూచి భద్రపఱచుటకు మంచి సందర్భము. అందుకొఱకైన మెయిలు మార్చవచ్చునని నే ననుకొందును.

ఇంత ప్రయాస యేల, అందఱకును జీమెయిలున్నదికదా యని అడుగువారు గలరు. కిరాణాదుకాణమునకు, ట్యూషను చెప్పు పంతులుగారికి జీమెయిలు చాలును. అందు చిన్నతనమేమియు లేదు. కాని ఉద్యోగులు వచ్చుచు పోవుచునుండు సంస్థలో గుమాస్తా సొంత జీమెయిలుతో వ్యవహారము నడచినచో, గుమాస్తాతో పాటు వ్యవహారమును వెడలిపోవును. ఖర్చును గూర్చిన ఆక్షేపణ దీనికంటె బలమైనది. గూగుల్, మైక్రోసాఫ్ట్, జోహో వంటివారు తలకు నెలకింతయని లెక్కకట్టి వసూలు చేయుదురు. ఉచితముగా పది పెట్టెలకు అలవాటుపడిన సంస్థకు ఇది బరువే. అయితే పది పెట్టెలలో నిజముగా మనుష్యులు కూర్చుండునవి మూడో నాలుగో. తక్కినవి ఒకే పెట్టెకు చేరు మాఱుపేర్లుగా పెట్టుకొనవచ్చును. ఇక ఉచితమను మాటకు ఆయుస్సెంత? 2006లో సొంత డొమైనులకు ఉచితముగా మెయిలు నిచ్చిన గూగుల్, 2012 డిసెంబరులో క్రొత్తవారికి దానిని నిలిపివేసినది. 2022 జనవరిలో పాతవారును డబ్బు కట్టవలసినదేయని ప్రకటించి, గగ్గోలు పుట్టినపిమ్మట సొంతవాడుక కొఱకైనవారిని మాత్రము కొనసాగనిచ్చినది. ఆనాడు నిశ్చింతగా నిద్రించినవారు, డొమైను తమ చేతిలో నుండి, కాదన్న మఱునాడు వేఱొకచోటికి పోగలిగినవారు.

చట్టము ఈ విషయమున వెనుకబడియున్నది. మొబైలు నంబరును ఉంచుకొని కంపెనీని మార్చు సదుపాయము 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటికి వచ్చినది. నేడది హక్కని కూడ ఎవరికిని తోచదు, అంత సహజమైపోయినది. మన దత్తాంశములను ఒకచోటినుండి మఱొకచోటికి తీసికొనిపోవు హక్కును 2019 నాటి వ్యక్తిగత డేటా బిల్లు చెప్పినది. 2023లో చట్టమైనదానిలో ఆ హక్కు కానరాదు. యూరపులో 2018నుండి అది అమలులో నున్నది. అంతవఱకు మన పార్లమెంటు పోవునో పోదో గాని, చిన్నమార్పులు రెండు వెంటనే కోరదగినవి. వెబ్‌సైటు చేసియిచ్చుటకు డబ్బు తీసికొనువారెవరైనను డొమైనును సైటు చేయించుకొన్నవారి పేరుననే నమోదు చేయవలెను. హోస్టింగు గడువు తీరినపిమ్మటను కొంతకాలము పాత మెయిళ్లను చదివి నకలు తీసికొనుటకు వీలుంచవలెను. ప్రభుత్వపాఠశాలలు, గ్రామపంచాయతీలు ఉద్యోగుల సొంత జీమెయిళ్లతో పనిచేయుచున్నంతకాలము, ఇతరులకు చెప్పు అర్హత ప్రభుత్వములకును అంతంతమాత్రమే.

తరలించినవారు పాతపెట్టెలను వెంటనే తుడిచివేయరాదు. రెండు మూడు నెలలు వానిని తెఱచి చూచుచు, అచ్చట ఇంకను ఏమైన పడుచున్నచో ఏ దారిన వచ్చుచున్నదో కనుగొని, ఆ దారిని సరిచేసిన తరువాత మూయవచ్చును. అటుపిమ్మట హోస్టింగు సైటునకు మాత్రమే మిగులును. డొమైనునకొకటి, సైటునకొకటి, మెయిలునకొకటి యని ఏటేట మూడు బిల్లులు, మూడు వేర్వేఱు తేదీలలో వచ్చును. పద్దులు వ్రాయు గుమాస్తా దీనికి తప్పక విసుగుకొనును, విసుగుకొననిండు.